విరగవలసిన పన్నెండు క్యాలిపర్లు

డెబ్బయ్యేడేళ్ళ వయసులో నేను విజయవాడ వెళ్ళినది దైవదర్శనానికీ కాదు, పెండ్లికీ కాదు. నేను రాసిన ఒక ఉత్తరానికి సమాధానం చెప్పుకోవడానికి వెళ్ళాను. బయలుదేరినప్పుడు మాత్రం ఆ సంగతి నాకు తెలియదు. సత్కారం జరుగుతుందనుకొని, పెట్టెలో ఒక పట్టు ఉత్తరీయం కూడా పెట్టుకున్నాను.

నా తమ్ముని మనుమరాలు సుజన యంత్రశాస్త్రం చదివినది. ఇద్దరు స్నేహితులతో కలిసి విజయవాడలో ఒక గది అద్దెకు తీసుకొని, కాళ్ళలో బలం లేని పిల్లలకోసం క్యాలిపర్ తయారుచేస్తున్నది. కాలికిరువైపులా లోహపు పట్టీలు, వాటిని బిగించే పటకాలు, అడుగున బూటు: ఇదే క్యాలిపర్. పెద్దలకోసం చేసినదానిని కోసి, కురచ చేసి పిల్లలకు తగిలించడం ఇంతకాలంగా జరుగుతున్న పని. పిల్ల ఎదుగుతుంది, లోహం ఎదగదు. ఏడాది తిరిగేసరికి అది పొట్టిదవుతుంది. మళ్ళీ కొనలేని తల్లిదండ్రులు ఆ పొట్టిదానితోనే నడిపిస్తారు. సుజన చేసినది పిల్లతోపాటు పొడుగయ్యే క్యాలిపర్. పట్టీలలో వరుసగా రంధ్రాలుంటాయి. కొన్ని నెలలకొకసారి చీల తీసి ఒక రంధ్రం కిందికి జరిపితే చాలు.

మొదటి నమూనా చేయడానికి ప్రభుత్వ సాయం దొరికింది. అమ్మకానికి సిద్ధమైన తరువాత పెట్టుబడి పెడతామన్నవారూ ఉన్నారు. ఈ రెంటికి నడుమ ఒక మెట్టున్నది. పన్నెండు క్యాలిపర్లు చేసి చెన్నైలోని ఒక ప్రయోగశాలకు పంపాలి. అక్కడి యంత్రం వాటిని విరిగేదాకా, లేదా నిర్ణీత సంఖ్య పూర్తయ్యేదాకా వంచుతూనే ఉంటుంది. ఆ పరీక్ష నెగ్గితే తప్ప పిల్లల కాళ్ళకు తొడగడానికి ఆసుపత్రివారు ఒప్పుకోరు. తయారీకీ పరీక్షకూ కలిపి ఆరు లక్షలు. పెద్దల పరికరమైతే ఆ ఖర్చును వేలమంది కొనుగోలుదారులమీద పంచుకోవచ్చు. పిల్లల విషయంలో కొనేవారు తక్కువ, కొలతలు ఎక్కువ. అందుచేత కంపెనీలు ముఖం చాటేశాయి. నెలాఖరుకు ప్రయోగశాలలో వంతు వచ్చింది. అది తప్పితే మరల ఆరు నెలలు ఆగాలి, అన్నాళ్ళు గది అద్దె కట్టే శక్తి ఆ ముగ్గురికీ లేదు. మూసివేసి ఎవరి ఉద్యోగం వారు చూసుకోవడమే.

డెల్టాలోని బియ్యం మిల్లుల యజమానులకు ఒక విజ్ఞాపన రాసిపెట్టమని సుజన నన్ను అడిగింది. మూడు రోజులు శ్రమించి ఎనిమిది పేరాలు రాశాను. పదిహేను రోజులలో ఫలితం వచ్చింది. వెంకటరత్నంగారనే మిల్లు యజమాని తనతోపాటు మరి పదకొండుగురు మిత్రులను కూడగట్టారు. మనిషికి యాభై వేలు. ఉత్తరం రాసినవారిని చూడాలని ఉన్నది, వెంటబెట్టుకు రమ్మన్నారట. మా అనంతపురంలో శ్రావణం వచ్చినా ఎండ తగ్గలేదు. ఆ ఎండలోనే రైలెక్కాను.

సత్రంలో ఫ్యాను

తెల్లవారి విజయవాడలో దిగేసరికి వాన. సుజన గదిలో నాకు చోటు లేదు కనుక ఒక సత్రంలో బస. గదికి నాలుగు వందలు. పరుపు శుభ్రంగానే ఉన్నది. ఈ ప్రాంతంలో దాతలు పేరు రాయించకుండా వస్తువు ఇవ్వరు. బకెట్టుమీద ఒకరి పేరు, అద్దంమీద ఒకరిది, కుర్చీ వీపున మరొకరిది. ఫ్యాను మూడు రెక్కలమీద దంపతుల పేర్లు, వారి ఊరు రాసి ఉన్నాయి. తిరుగుతున్నంతసేపూ అక్షరం తెలియదు. కరెంటు పోయిన తరువాత నాకు గాలి ఇచ్చినవారెవరో తెలిసింది.

మా వైపు దాతల పేర్లు శిలాఫలకంమీద వరుసగా చెక్కుతారు, వస్తువులమీదికి రానివ్వరు. ఇక్కడి పద్ధతి ముందే తెలుసు కనుక, నా విజ్ఞాపనలో ఆ మర్యాద పాటించాను. ‘ప్రతి పరికరముపైనను దాతయొక్క శుభనామధేయము శాశ్వతముగా అంకితము కాగలదు’ అని ఎనిమిదో పేరాలో రాశాను. ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది కూడా.

సత్రం ఎదుటి హోటల్లో పెసరట్టు ఉప్మా తొంభై రూపాయలు. అట్టు మడతలో ఉప్మా, పైన పచ్చిమిర్చి, పక్కన బెల్లం పడిన అల్లం పచ్చడి. ఉదయాన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినే నాకు అల్లం పచ్చడిలోని తీపి మొదట అనుమానం కలిగించింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

బెంజ్ సర్కిల్ వెనుక గది

బెంజ్ సర్కిల్లో రోడ్డు దాటడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఒక నగల దుకాణం వెనుక సందులో, రెండో అంతస్తులో సుజన గది. బల్లమీద కొత్త క్యాలిపర్ ఉన్నది. తేలికగా, మెరుస్తూ, వాచీ పనితనంలా ముచ్చటగా ఉన్నది.

ఆ సమయానికి హర్షిత అనే పాప తల్లితో వచ్చింది. ఒకటో తరగతి. పుట్టుకతోనే ఎడమ కాలిలో బలం లేదు. కాలికి ఉన్నది పాత రకం క్యాలిపర్. మెట్లెక్కుతుంటే పై అంతస్తుదాకా చప్పుడు వినిపించింది. కొత్త కొలతలకోసం సుజన పిలిపించింది. పాప నన్నూ, నా చేతికర్రనూ పరీక్షగా చూసింది.

“తాతగారూ, మీ కర్ర మీ పొడుగుకే చేశారా?”

“అవునమ్మా.”

“నాది పెద్దవాళ్ళది కోసి చేశారు. చప్పుడు చేస్తదని మా మిస్సు వెనక బెంచీలో కూర్చోబెట్టింది. నేనొక్కదాన్నే.”

తరువాత బల్లమీది కొత్తదానివైపు చేయి చాపింది. “అక్కా, ఇది నాదా?”

“నీదే. ఇప్పుడే కాదు,” అన్నది సుజన. “ముందు ఇట్టాంటివి పన్నెండు విరగ్గొట్టాలి.”

“ఎందుకు విరగ్గొట్టటం?”

“నువ్వు గెంతినప్పుడు నీది విరక్కుండా.”

పాప కొంచెం ఆలోచించింది. “అయితే తొందరగా విరగ్గొట్టెయ్.”

తల్లి కొలతల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది. బడి మారుస్తారా అని అడిగాను. “ఎక్కడికి మార్చినా కాలు ఇదేగదండీ,” అన్నది.

ఆటోనగర్

పట్టీలు చేసేది ఆటోనగర్లో సాంబయ్యగారు. లారీ బరువు మోసే కమాను కట్టలు చేయడం ఆయన వృత్తి. వానకు ఆ వీథులన్నీ నూనె, బురద కలిసి నల్లగా ఉన్నాయి. ఆటోవాడు నూట ఇరవై తీసుకొని, ఇంక లోపలికి రానని మొదట్లోనే దింపేశాడు. పది అడుగులు వేశానో లేదో, నా ఎడమ చెప్పు బురదలో ఇరుక్కొని వారు తెగింది. ఒంటి చెప్పుతో, కర్రతో, సుజన భుజం పట్టుకొని షెడ్డులోకి ప్రవేశించాను.

“ఎవరమ్మాయ్, తాతగారా?” అన్నారు సాంబయ్యగారు కొలిమి దగ్గరనుంచే.

“తెలుగు మాష్టారండీ. రిటైరయ్యారు.”

“అయ్యబాబోయ్. అయితే నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలి.” ఆయన నా కాలివైపు చూసి చేయి చాచారు. “ఆ చెప్పు ఇట్టా ఇవ్వండి ముందు.”

నేను వద్దంటున్నా వినకుండా చెప్పు తీసుకొని, ఇత్తడి రివిట్టు ఒకటి వేసి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి కిందపెట్టారు. లారీకి వేసే రివిట్టు. ఇప్పటికీ ఆ చెప్పే తొడుగుతున్నాను. ఎడమ కాలు కాస్త బరువుగా ఉంటుంది.

సుజన తెచ్చిన పట్టీని ఆయన వేలితో తడిమి, ఒక రంధ్రం దగ్గర ఆగారు. “నీకు మొన్నే చెప్పాను. ఈ చిన్న సైజులో కన్నాలు మరీ దగ్గర దగ్గరగా పెట్టావు. ఈడే పగులు పడుద్ది.”

“లెక్కలో సరిపోయిందండీ సాంబయ్యగారూ.”

“లెక్కకి సరిపోద్ది. గోతిలో పడ్డప్పుడు లారీకి లెక్క తెలీదుగా.”

“అందుకేగా పరీక్ష పెడుతున్నాం.”

“పెట్టు, మంచి పని. ఏంటి మాష్టారూ, విరగ్గొట్టటానికి అంత డబ్బా అనుకుంటున్నారా? కొత్త ఉక్కు వస్తే నేనూ ముందు ఒక ముక్క విరగ్గొట్టి చూస్తా. లోపల ఉక్కు గింజ సన్నగా ఉందో ముతకగా ఉందో విరిగితేగాని కనపడదు.”

“ఆ ముక్క ఖరీదు ఎవరిస్తారు?” అని అడిగాను.

“ఎవరిస్తారండీ? నా జేబే. లారీవాడు తన కమానుకి ఇస్తాడుగాని, నేను విరగ్గొట్టుకున్నదానికి ఇస్తాడా?”

సుజన ఏడాదిగా పెద్ద పెద్ద కార్యాలయాలలో వివరించలేకపోయిన సమస్య ఇదే. టీ తెప్పించి ఆయనే పదిహేను చొప్పున డబ్బిచ్చారు. చెప్పుకు ఏమీ తీసుకోలేదు.

మంగళగిరి

మరునాడు మంగళగిరి. ముందు కొండమీది స్వామికి పానకం పోయించాను. పోసిన దానిలో సగం స్వామి పుచ్చుకొని సగం మనకు వదులుతాడని ఇక్కడివారి నమ్మకం. గుడికెక్కే మెట్లమీద కూడా దాతల పేర్లున్నాయి. వాటిని తొక్కకుండా ఎక్కడం సాధ్యం కాదు. ఎవరూ ప్రయత్నించడం కూడా లేదు.

మేము వచ్చిన పని నాగేశ్వరమ్మగారి ఇంట్లో. ఆమె, ఆమె భర్త గుంట మగ్గంమీద చీరలు నేస్తారు. మా ధర్మవరం పట్టు చూసిన కంటికి మంగళగిరి నూలు మొదట సాదాగా తోస్తుంది. చేతిలోకి తీసుకుంటే ఆ సాదాతనంలోని బిగువు తెలుస్తుంది. క్యాలిపర్ పటకాలకు సుజన మొదట నైలాను వాడిందట. ఈ డెల్టా ఉక్కకు చెమటపట్టి పిల్లల తొడలు ఒరుసుకుపోయాయి. అప్పుడు నాగేశ్వరమ్మగారి దగ్గరికి వచ్చి, రెండు పొరల నూలు నవారు నేయించింది.

“మంచానికి నవారు నేసేవాళ్ళు వేరే ఉన్నారు తల్లీ, మేం చీరలవాళ్ళం అన్నాడు మీ బాబాయి,” అన్నారామె మగ్గంలో కూర్చున్న భర్తను చూపుతూ. “చంటిదాని కాలికయ్యా అంటే దిగొచ్చాడు.”

“దిగిరాలేదు. దింపావు,” అన్నాడాయన తల ఎత్తకుండా.

ఆమె మగ్గందాకా వచ్చి నాకు ఒక సంగతి చూపారు. కొత్త పడుగు ఎక్కించినప్పుడు, పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. ఆ అతుకుల మీద నేసిన మొదటి జానెడు గుడ్డ సరిగా రాదు. దానిని కత్తిరించి పక్కన పడవేస్తారు, ఎవరికీ అమ్మరు.

“విరగ్గొట్టేవాటికి కూడా ఇదే నేత నేయాలా, లేకపోతే ఆ పక్కన పడేసినవి వాడతావా?” అని ఆమె సుజనను అడిగారు.

“ఇదేనమ్మా. పిల్లలకి ఏది కడతామో అదే.”

“అంతేలే. కట్టేది ఒకటి, పరీక్ష పెట్టేది ఒకటి అయితే అది పరీక్షెందుకవుద్ది?”

పన్నెండింటికి సరిపడే నవారు సిద్ధంగా చుట్టపెట్టి ఉన్నది. డబ్బు మిల్లునుంచి రాగానే ఇస్తామని సుజన చెప్పింది. రాకపోతే అని ఆమె అడగలేదు.

బందరు రోడ్డు మీదుగా

మూడోనాడు మిల్లుకు బయలుదేరాము. రోడ్డుకు ఇరుపక్కలా నిండు కాలువలు, నాట్లు పడిన పొలాలు, మోకాటిలోతు నీటిలో వంగిన స్త్రీలు. మా ఊళ్ళో వానచుక్క పడితే పిల్లలు బయటికి పరుగెత్తుతారు. ఇక్కడ నీళ్ళను ఎవరూ తల తిప్పి చూడరు. అన్ని నీళ్ళ నడుమ బస్సు ఆగినచోట తాగే నీటి సీసా ఇరవై రూపాయలు పెట్టి కొన్నాను. కాలువ నీళ్ళు తాగరా అని అడిగితే, దుకాణంలోని ఆమె నన్ను జాలిగా చూసి, “మీదే ఊరండీ?” అన్నది.

పామర్రు దాటిన తరువాత లోపలికి ఆటోలో మూడు మైళ్ళు. మిల్లు ఆవరణంతా ఉడికిన ధాన్యం వాసన. వెంకటరత్నంగారు గేటుదాకా ఎదురొచ్చారు. యాభై అయిదేళ్ళుంటాయి. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ.

“రండి రండి మాష్టారూ! మీ ఉత్తరం లామినేషన్ చేయించానండీ. ఆ ఎనిమిదో పేరా రెండుసార్లు చదివించుకున్నాం.” లోపలికి తిరిగి కేకవేశారు. “తాతక్కా! మాష్టారు వచ్చారు. కాఫీ!”

తాతక్క అన్న పిలుపు నేను అంతకుముందు వినలేదు. కృష్ణాతీరాన పెద్ద అక్కగారిని గౌరవంగా అలా పిలుస్తారు కాబోలని నా పుస్తకంలో రాసుకున్నాను. కాఫీ తెచ్చినావిడకు అరవై అయిదు పైనే ఉంటాయి. కుడి చంకలో కర్ర, ఎడమ చేతిలో పళ్ళెం. ఒక్క చుక్క తొణకలేదు.

గదిలో దాతలలో అయిదారుగురు ఉన్నారు. వారితోపాటు ఒక పెయింటరు కూడా ఉన్నాడు. సుజన సంచిలోంచి నమూనా తీయగానే అతడు టేపు పెట్టి పట్టీ వెడల్పు కొలిచాడు.

“అంగుళమేనండీ. పేరొక్కటే పట్టుద్ది. ధర్మపత్ని, కుమారులు పట్టరు.”

“ధర్మపత్ని లేకపోతే నాకు ఇంట్లో భోజనం ఉండదయ్యా,” అన్నారు వెంకటరత్నంగారు. అందరూ నవ్వారు.

“ఏం పేర్లండీ?” అన్నది సుజన.

“దాతల పేర్లమ్మా. మీరేగా రాశారు, ప్రతిదానిమీదా శాశ్వతంగా అని.”

సుజన నావైపు చూసింది. ఆమె కింద సంతకం పెట్టింది కాని ఉత్తరం మొత్తం చదవలేదు. తరువాత ఒప్పుకున్నది: “రెండో పేరా తర్వాత నాకు అర్థం కాలేదు పెద్దతాతా. నువ్వు రాశావుగదా అని పెట్టేశాను.” ఆ గదిలో మాత్రం ఆమె నన్ను అప్పగించలేదు. నెమ్మదిగా లేచి నిలబడింది.

“పిల్లల కాలిమీద ఎవరి పేరూ రాయకూడదండీ. అది వాళ్ళ కాలు.”

“కాలుమీద ఎవరు రాస్తారమ్మా? ఇనుంమీదేగా.”

“వాళ్ళకి అదే కాలండీ. అదీగాక, మీరిచ్చే డబ్బుతో చేసే పన్నెండూ పిల్లలకి వెళ్ళవు. పరీక్షలో విరగ్గొడతారు.”

దాతలలో ఒకాయన గ్లాసు కిందపెట్టి, “విరగ్గొట్టటానికి యాభై వేలా? పాతిక ఇవ్వమనండి, మా మిల్లులో నేనే విరగ్గొట్టిపెడతా,” అన్నారు. ఈసారి నవ్వులో మర్యాద లేదు. ఒక్కొక్కరు లేచారు. నేను ‘కఠిన పరీక్షాగ్నిలో పునీతములై’ అని రాసిన మాటకు ఇంత అర్థమున్నదని వారికి ఎలా తెలుస్తుంది?

“తప్పు నాది,” అన్నాను. “ఆ వాక్యం నేను రాసినది. అమ్మాయికి తెలియదు.”

“మీ తప్పేముందిలెండి మాష్టారూ,” అన్నారు వెంకటరత్నంగారు. గొంతులో మునుపటి బరువు లేదు. “భోంచేసి వెళ్ళండి.”

అంటే డబ్బు లేదని. మా వైపు పని చెడితే మంచినీళ్ళిచ్చి పంపుతారు. ఇక్కడ పని చెడినా విస్తరి వేయకుండా పంపరు.

తాతక్క

భోజనంలో ముద్దపప్పు, కంద బచ్చలి కూర, దొండకాయ వేపుడు, గోంగూర, గడ్డపెరుగు. కంద బచ్చలి నేను మునుపు తినలేదు. అంత మంచి కూరను అంత సిగ్గుతో ఎన్నడూ తినలేదు. సుజన అన్నం కెలుకుతున్నది. ఆ అక్కగారు పక్కన కుర్చీ వేసుకొని వడ్డనలు చెబుతున్నారు. ఆమె పేరు అనసూయమ్మ.

“మాష్టారూ, ఆ ఉత్తరం మీరు రాసిందేనటగా?”

“అవునమ్మా.”

“మా తమ్ముడు చదివి వినిపించాడండీ. దాత పేరు శాశ్వతంగా ఉంటదన్నారు. నిజమేనండీ. ఉంటది.” కొంచెం ఆగి, తన కుడి మోకాలి పక్కన వేలితో చూపారు. “నాది ఇక్కడ ఉండేది.”

అప్పుడు చెప్పారు. ఏడేళ్ళప్పుడు పోలియో కాలికి ఏదో శిబిరంలో క్యాలిపర్ ఇచ్చారట. పెద్దవాళ్ళది కోసినదే. మోకాలి దగ్గర, నల్ల ఇనుముమీద తెల్ల పెయింటుతో ‘తాతారావుగారి విరాళం’ అని ఉన్నది.

“ఆయన మంచాయనేనండీ, ఇచ్చాడు గాబట్టి నడిచాను. నేనేమీ అనను. కానీ మా క్లాసులో అందరూ అప్పుడే అక్షరాలు కూడబలుక్కోవటం నేర్చుకున్నోళ్ళు. కనపడ్డదల్లా చదివేవాళ్ళు. మొదటిరోజే నా కాలు చదివారు. అదుగోరా తాతారావు వచ్చాడు, తాతారావు కూర్చున్నాడు. మాష్టారు హాజరుకి అనసూయా అంటే, తాతారావండీ అని ఎవడో ఒకడు. మా అమ్మ ఇటుకముక్కతో గీకింది. పెయింటు పోయింది గాని, గీకినచోట ఇనుం తెల్లబడి అక్షరాలు ఇంకా బాగా కనపడ్డాయి.”

వెంకటరత్నంగారి చేయి పెరుగన్నంలో ఆగిపోయింది.

“ఆ తర్వాత వీడు పుట్టాడు. మాటలు వచ్చేటప్పటికి వీధిలో ఏమంటున్నారో అదే నేర్చుకున్నాడు. తాతారావక్కా. నోరు తిరక్క తాతక్కా.”

“ముద్దు పేరనుకున్నానక్కా,” అన్నారాయన.

“నీకు ముద్దేరా. నువ్వు పిలిస్తే నాకూ ముద్దే. వీధివాళ్ళ సంగతి చెప్తున్నా.”

“యాభై ఏళ్ళనుంచి పిలుస్తున్నా. ఒక్కసారి చెప్పలేదేం?”

“నువ్వు ఎప్పుడన్నా అడిగావా? పెరుగు నీళ్ళయిపోతుంది, తిను.”

ఆయన తినలేదు. చేయి కడుక్కొని వరండాలోకి వెళ్ళారు. నేను లామినేషను చేసిన నా ఉత్తరాన్ని బల్లమీద బోర్లించాను. పుస్తకం తీసి, తాతక్క అన్న మాట పక్కన రాసుకున్న అర్థం కొట్టివేశాను.

తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఫోను ఉన్నది. “అందర్నీ మళ్ళీ రమ్మన్నాను. పెయింటర్ని వెళ్ళొద్దన్నాను.”

సుజన నోరు తెరిచింది.

“ముందు వినమ్మా. పిల్లలవాటిమీద వద్దు. నువ్వు విరగ్గొట్టే పన్నెండూ ఉన్నాయిగా? వాటిమీద రాయిస్తా. పేరు లేకుండా మావాళ్ళు పైసా ఇవ్వరు, నాకు తెలుసు వాళ్ళ సంగతి. పేరున్నది ఏ పిల్లా తొడుక్కోదు. మిషనే తొడుక్కుంటది. విరిగాక ముక్కలు వెనక్కిస్తారా?”

“ఇస్తారండీ.”

“ఎవరివి వాళ్ళకి పంపించెయ్. అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. మా ముక్క విరిగిందిగాబట్టే పిల్లలు నడుస్తున్నారని చెప్పుకుంటారు. పెయింటు వేస్తే పరీక్షకేమన్నా అడ్డమా?”

“కాదండీ,” అన్నది సుజన. ఆమె కళ్ళు నిండాయి.

మిత్రులు తిరిగి వచ్చారు. ఆయన చెప్పిన తీరు చూస్తే ఆయన మిల్లు ఎందుకు అంత బాగా నడుస్తున్నదో అర్థమైంది. ధర్మం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరి పేరున్నది ఎక్కువసేపు నిలుస్తుందో చూద్దాం అన్నారు, అంతే. పాతికకే విరగ్గొడతానన్నాయన అందరికంటే ముందు తన పేరు రాయించుకున్నాడు. పదకొండు పేర్లయ్యాయి.

“పన్నెండోది మీదేగదండీ?” అన్నాడు పెయింటరు.

“అక్కది రాయి. అనసూయ అని, పెద్దక్షరాలు.”

“నా పేరెందుకురా?” అన్నారామె. “తాతారావుదే రాయించు. మిషను ఆయన్ని వంచాలి.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు. కాని నవ్వు ఆగిన తరువాత కూడా పెయింటరువైపు చూస్తూనే ఉన్నారు. అతడు కాగితంమీద పన్నెండో పేరు రాసుకున్నాడు.

తిరిగి వచ్చిన తరువాత

పట్టు ఉత్తరీయం పెట్టె అడుగునే తిరిగివచ్చింది. పన్నెండు పేర్లతో పన్నెండు క్యాలిపర్లు నెలాఖరుకు చెన్నై చేరాయి. పెద్ద, మధ్య కొలతలవి ఎనిమిదీ చివరిదాకా నిలిచాయి. చిన్న కొలతవి నాలుగింటిలో మూడు, సరిగా సాంబయ్యగారు వేలు పెట్టిన చోటనే విరిగాయి. సుజన రంధ్రాలు ఎడం చేసి, మూలలు గుండ్రం చేసి చిన్నవి మళ్ళీ చేయించింది. రెండో పరీక్షకు ఖర్చు ఎవరు పెట్టారంటే, పేరున్నవి విరిగిన ఆ ముగ్గురూ పెట్టారు. మిగిలిన తొమ్మిదిమంది ఎగతాళితో మిల్లుల సంఘంలో వారిని నిలవనివ్వలేదట. ఈసారి అన్నీ నిలిచాయి. ఆసుపత్రి అనుమతి రావడానికి మరికొన్ని నెలలు పట్టింది.

మొన్న సుజన ఫోను చేసి, హర్షితకు కొత్తది తొడిగామని చెప్పింది. ఇప్పుడు రెండో తరగతి. చప్పుడు లేదు కనుక ముందు బెంచీకి వచ్చింది.

“దానిమీద ఏమీ రాయలేదు కదా?” అన్నాను. నాకు ఆ భయం ఇంకా పోలేదు.

“రాసుంది పెద్దతాతా. బడికి వెళ్ళిన రెండోరోజే. ‘ఎం. హర్షిత, రెండవ తరగతి, బి సెక్షను’ అని. స్కెచ్ పెన్నుతో. తనే రాసుకుంది.”

ఆ సాయంత్రమే పామర్రు వైపు ఫోను చేశాను. చిన్న కొలతవాటిలో విరగకుండా మిగిలిన నాలుగోది తాతారావుగారిదని అనసూయమ్మగారికి ముందే తెలుసు.

“విరగడండీ ఆయన,” అన్నారు. “ఏడేళ్ళు మోశాను, నాకు తెలీదా? మా తమ్ముడు బీరువాలో పెట్టాడు. పోనీలెండి, అక్కడ ఉంటే నాకేం.”

హర్షిత సంగతి చెప్పాను.

“స్కెచ్ పెన్నంటే చెమటకి పోద్దండీ,” అన్నారామె. “ఆ పెయింటరు దగ్గర తెల్ల ఎనామిలు మిగిలిందేమో కనుక్కుంటాను. చిన్న డబ్బా, ఒక బ్రష్షూ ఆ పిల్లకి పంపిద్దాం.”